వేలిముద్ర పడని చెట్టు

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. వయసు మళ్ళాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే చదివేవాళ్ళే సర్దుకోవాలి. నా చెయ్యి నెమ్మది, ఒక పేజీ నిండేసరికి పొద్దు వాలిపోతుంది. కథ మాత్రం జరిగినట్టే చెబుతాను.

సిగ్గుతో నిలబడ్డచోటే నేలలోకి వేళ్ళు దిగిపోయిన మనుషుల్ని లారీలో ఎక్కించి నగరంలోని పాత బొటానికల్ గార్డెన్‌కి తరలించడం ఎన్నో ఏళ్ళుగా జరుగుతున్న పనే. దానికొక శాఖ ఉంది. శాఖకి లారీలున్నాయి. మనిషి బజార్లోనో, బ్యాంకు గుమ్మంలోనో వేళ్ళు దిగిపోతే రాకపోకలకి అడ్డం కనక పంచాయతీవాళ్ళు కబురు పెడతారు. శాఖవాళ్ళు వచ్చి చుట్టూ గుండ్రంగా తవ్వి, వేళ్ళకున్న మట్టి రాలిపోకుండా గోనెపట్టా చుట్టి, నీళ్ళతో తడిపి తీసుకుపోతారు. దారిలో లారీ ఎంత ఊగినా మనిషి ఏమీ అనడు. అప్పటికే మాట పోయి, మోచేతుల దగ్గర చిగుళ్ళు మొదలై ఉంటాయి.

ఆ తోట తెల్లదొరల కాలం నాటిది. ఒక దొర ఓడల మీద దూరదేశాల మొక్కలు తెప్పించి నాటించాడట. మన ఎండకి అవి ఒక్కటీ బతకలేదు. మరుసటేడు కరువొచ్చింది. తోట గేటు ముందు గంజికేంద్రం పెట్టారు. అంతకుముందు ఏడు వరకూ తమ కళ్ళంలో పదిమందికి కొలిచి పెట్టిన రైతులు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు, అలాగే నిలబడిపోయారు. దొరకి చెట్లు దొరికాయి. అందుకే ఆ తోటలో పాత చెట్లన్నీ అంత తిన్నటి వరసలో ఉంటాయి. చూడవచ్చినవాళ్ళు ఆ వరసని మెచ్చుకుంటారు. దాని మధ్యన నిలబడి ఫోటోలు దిగుతారు.

ఉద్దానం వైపు ఒక ఊళ్ళో జీడిపిక్కలు కాల్చే బట్టీలో పనిచేసే తవిటయ్య రేషన్ డిపో ముందు వేళ్ళు దిగాడు. పచ్చి జీడిపిక్కలోంచి కారే చమురు చర్మాన్ని తినేస్తుంది. చిన్నప్పటి నుంచీ ఆ చమురులో ఆడిన చేతులు కనక తవిటయ్య చేతివేళ్ళు నున్నగా, గీత అన్నది లేకుండా అయిపోయాయి. డిపోలో వేలిముద్ర మిషను మీద వేలు పెడితే మనిషి సరిపోలలేదని చూపించింది. తుడిచి పెట్టాడు. వేరే వేలు పెట్టాడు. మిషను అదే మాట మీద ఉంది. వెనక వరస పెద్దదైంది.

"ఒరే తవిటిగా, ఎవుడి ఏలు అట్టుకొచ్చినావురా? నీదేనేటి?" అన్నాడు డీలరు సింహాచలం, అందరికీ వినపడేలా.

"నాదే బాబూ. పుట్టినకాడ్నించి నా కాడే ఉంది," అన్నాడు తవిటయ్య.

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. చెడ్డవాళ్ళయి నవ్వలేదు. ఎండలో నిలబడి ఉన్నారు, నవ్వొచ్చింది, నవ్వారు. డీలరు ఇంకాస్త హుషారై, "దొంగేలు తెచ్చి బియ్యం అట్టుకుపోదామనే! తప్పుకో, తప్పుకో" అన్నాడు. తవిటయ్య తప్పుకుందామనే చూశాడు. కాళ్ళు రాలేదు. ఖాళీ సంచి చేతిలో అలాగే ఉంది. సాయంత్రానికి ఆ సంచి చుట్టూ తీగలాంటిదేదో అల్లుకుంది. డీలరు మాత్రం ఆ రోజూ, ఆ తరవాతా, అదే నేల మీద అటూ ఇటూ తిరిగి బియ్యం తూచాడు. ఆయన కాళ్ళకి ఏమీ కాలేదు. అలాంటివాళ్ళకి ఎప్పుడూ ఏమీ కాలేదని శాఖవాళ్ళు కూడా చెబుతారు. నేల గుణం అనుకుని ఒకప్పుడు మట్టి పరీక్షలు చేయించారట. తేడా ఏమీ కనపడలేదు.

తవిటయ్య భార్య దాలమ్మ, కూతురు ఈశ్వరిని చుట్టాలింట్లో దిగబెట్టి మొదటిసారి నగరం వెళ్ళింది. బంధువుల గేటు తోట వెనకాల ఉంటుంది. ముందు గేటు టిక్కెట్టు కొన్నవాళ్ళకి. లోపల ప్రతి చెట్టుకీ ఒక నీలం రేకుపలక, దాని మీద తెల్లరంగుతో పేరు, ఊరు, సిగ్గుకి కారణం. దాలమ్మకి చదువు రాదు. కానీ తోట చూడవచ్చిన కుర్రవాళ్ళు పైకి చదువుతూ పోతుంటే విన్నది. ఒకాయన కూతురి బడిలో ఫీజు బాకీ అడిగితే వేళ్ళు దిగాడట. ఇంకొకాయన్ని పెళ్ళిభోజనంలో పంక్తిలోంచి లేపేశారట. ఒక గుమాస్తా ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నకి నవ్వి ఊరుకున్నాడట. కుర్రవాళ్ళు ఒక్కో పలక దగ్గరా ఆగి, ఎవరిది మరీ చిన్న కారణమో పందెం వేసుకుంటున్నారు.

భర్త ఎక్కడున్నాడో దాలమ్మ దూరం నుంచే పట్టేసింది. బట్టీలో మూకుడు తిప్పీ తిప్పీ ఆయన కుడిభుజం కిందికి జారి ఉండేది. ఫౌంటెను కోసం తవ్వుతున్న గొయ్యి పక్కన ఒక చెట్టు అలాగే కుడివైపుకి జారి నిలబడి ఉంది. దగ్గరికెళ్ళి ఆకు పట్టుకుంది. ఆకు మీద ఈనె ఒక్కటీ లేదు. అరిగిపోయిన రూపాయిబిళ్ళలా నున్నగా ఉంది. ఆ చెట్టుకి పలక లేదు. మొదలుకి మాత్రం ఎర్రరంగుతో అడ్డంగా గీత గీసి ఉంది.

"ఆ గీతంటే కొట్టేస్తారని తల్లీ," అన్నాడు నీళ్ళు పడుతున్న మాలి యాకోబు. "పేరు లేని చెట్లని ఈ నెలాఖర్లోగా తీసేస్తారు. అక్కడ పాట వచ్చే ఫౌంటెను వస్తోంది. పలక పడితే మాత్రం ఎవరూ ముట్టుకోరు. వెళ్ళి మేడంగారితో చెప్పు. కాళ్ళు మాత్రం కదుపుతూ ఉండు, ఇక్కడ మట్టి చాలా మెత్తన."

పేరుపలకల సెక్షన్ సూపర్నెంటు కుముదినిగారు మంచి మనిషి. బంధువులకి కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి గాని మాట మొదలుపెట్టదు.

"ఎవరమ్మా మీవాళ్ళు?"

"మా ఇంటాయనండి."

"పేరు?"

దాలమ్మ తల వంచుకుంది. మొగుడి పేరు పెళ్ళినాడు ఒక్కసారి చెప్పింది. ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి, పేరు చెబితేగాని లోపలికి రానివ్వమంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. మళ్ళీ ఆ పేరు నోట రాలేదు.

"మా ఈస్పరి నాన్నండి."

"పిల్లల పేర్లు పలక మీద రాయకూడదమ్మా. ఆయన పేరే చెప్పాలి. రాసి ఇచ్చినా సరే."

రాయడం రాదు. గదిలో ఇద్దరు గుమాస్తాలు, సున్నం వేయడానికి వచ్చిన మనిషి ఒకడు ఉన్నారు. నిచ్చెన మీదున్న అతను కూడా చెయ్యి ఆపి వింటున్నాడు. దాలమ్మ కళ్ళు మూసుకుని, "తవిటయ్య" అంది. అన్నాక చెవులు వేడెక్కిపోయాయి. ఇంత చేసింది కదా, ఇంక పలక పడిపోతుందనే అనుకుంది.

కుముదినిగారు కాగితాలు చూసి నొచ్చుకుంది. "తవిటయ్య అనే ఆయన ఇతను కాదని మీ ఊరి డిపోలో మిషను చెప్పేసిందమ్మా. ఆ మాట మీదే కదా ఇతను వేళ్ళు దిగింది! అతను అతనే అయితే ఇక్కడ ఉండాల్సిన పని లేదు. అతను కాకపోతే ఆ పేరు రాయడానికి లేదు."

"ఆయనేనండి. బుజం సూడండి."

"భుజం లెక్కలోకి రాదమ్మా. పోనీ, ఆకు పెట్టి చూద్దాం."

వేలిముద్ర పడనివాళ్ళ కోసం తోటలో ఆకుముద్ర మిషను ఉంది. ఈనెలని బట్టి మనిషిని పోలుస్తుంది. యాకోబు ఆకు తెచ్చి పెట్టాడు. మిషను కాసేపు గుర్రుమని, సరిపోలలేదంది. ఇంకో ఆకు పెట్టారు. గుమాస్తాల్లో ఒకాయన నవ్వాపుకోలేక కిటికీవైపు తిరిగాడు. దాలమ్మ కూడా వాళ్ళతోపాటే కాస్త నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. ఆ నవ్వినందుకు ఊరు చేరేదాకా ఆమె ఎవరి ముఖంలోకీ చూడలేకపోయింది.

కుముదినిగారు ఒక దారి చెప్పింది. వేళ్ళు దిగిన సమయంలో ఎదురుగా ఉన్న బాధ్యత గల వ్యక్తి స్వయంగా వచ్చి చెట్టుని గుర్తుపడితే మిషను మాటని పక్కన పెట్టవచ్చు. వరసలో నిలబడ్డవాళ్ళు పనికిరారు. అలాంటి సమయాల్లో వాళ్ళు నేలచూపులు చూస్తారు కనక వాళ్ళ సాక్ష్యం చెల్లదని ముందెప్పుడో తేల్చేశారు. అంటే ఇంక మిగిలింది డీలరు.

డిపో మూసేవేళకి దాలమ్మ వెళ్ళి గుమ్మం పక్కన నిలబడింది. సింహాచలం తాళం వేస్తూ చూశాడు.

"ఓలే దాలమ్మా! తవిటిగాడు ఎలాగున్నాడే?"

"బాగానే ఉన్నాడు బాబూ. సిగురు ఎడతన్నాడు."

"అలాగేటి! ఈడున్నన్నాళ్ళూ ఎండిపోయే ఉన్నాడు గదే. మరైతే ఇంకేటి, సుకపడ్డాడు."

దాలమ్మ సంగతంతా చెప్పింది. తన నోటితో, డీలరు ముందు, డీలరు అన్న మాట తిప్పి చెప్పకుండా ఎలా చెప్పాలో దారంతా ఆలోచించుకుని వచ్చింది. "ఆ రోజు మిషనుకి ఏదో అయ్యింది కదా బాబూ" అని మొదలుపెట్టింది. మీరు అన్నారు అని ఎక్కడా అనలేదు. చివర, "మీరొచ్చి ఈడేనని ఒక్క ముక్క అంటే ఆయన బతుకుతాడు" అంది.

"దానికేటి! తప్పకుండా అంటాను," అన్నాడు సింహాచలం. నిజంగానే సంతోషించాడు. "వచ్చే ఆదివారం మా డీలర్ల సంగం మీటింగు ఆ ఊర్లోనే. మా ఆవిడ కూడా ఆ తోట సూడాలని ఎన్నాళ్ళబట్టో గోల. నువ్వూ బస్సులో ఎక్కేయ్. కేరేజీలు మొయ్యడానికి మనిసి కావాల."

అలా దాలమ్మ రెండోసారి తోటకి ముందు గేటు నుంచి వెళ్ళింది, ఒక చేత్తో పులిహోర కేరేజీ, ఇంకో చేత్తో నీళ్ళ క్యాను పట్టుకుని. సింహాచలం దారి పొడుగునా పలకలు చదివి భార్యకి వినిపించాడు. "పాపం, ఇంత సిన్నదానికా!" అని ఆవిడ నోరు నొక్కుకుంది. ఆయన కూడా నిజంగానే జాలిపడ్డాడు. ఒక పలక దగ్గర ఆగి, "మనుసులు ఎంతలేసి మాటలంటారో సూడు. ఎదటోడి మనసు ఎలాగుంటాదో సూసుకోరు" అన్నాడు.

గొయ్యి అప్పటికి తవిటయ్య వేళ్ళ దాకా వచ్చింది. పక్కన ఎర్రగీత ఉన్న చెట్టుని ఆ పొద్దున్నే కోసేశారు. మొద్దు ఇంకా తడిగా ఉంది. రంపం పట్టుకున్న ఇద్దరు మనుషులు తవిటయ్య నీడలో కూర్చుని, ఈ చెట్టు సంగతి తేలితే పని చూసుకుందామని ఎదురుచూస్తున్నారు. కుముదినిగారు కాగితాలతో వచ్చింది.

"ఈడే మేడమ్!" అన్నాడు సింహాచలం, దగ్గరికి రాకముందే. "తవిటయ్య. ఇరవై ఏళ్ళబట్టి ఎరుగుదును. ఆ బుజం సూడండి, ఈడు కాకపోతే ఇంకెవుడు?"

"మరి ఆ రోజు కాదన్నారని ఉందండి."

"నాను కాదన్నేదు మేడమ్. మిషనన్నాది."

"మీకు తెలుసు కదా అతనేనని?"

"తెలుసు."

"చెప్పలేదేం?"

"నన్నెవులడిగినారు?" అన్నాడు సింహాచలం.

అది సబబైన మాటగానే అందరికీ తోచింది. కుముదినిగారు తల ఊపి రాసుకుంది. రంపం మనుషులు లేచి, దుమ్ము దులుపుకుని, ఇంకో చెట్టు వైపు చూశారు. దాలమ్మకి ఎన్నాళ్ళకో ఊపిరి ఆడింది.

"ఇంక కారణం," అంది కుముదినిగారు. "కారణంలో బతికున్న ఇంకొకరి పేరు గానీ, ఆఫీసు పేరు గానీ, మిషను పేరు గానీ రాయడానికి లేదు. చూడవచ్చినవాళ్ళు మనసు పాడుచేసుకుంటారు. ఇంకేదైనా ఉంటే చెప్పండి. కారణం ఖాళీగా ఉంటే పలక రాదు."

సాయం చెయ్యాలనే సింహాచలం ముందుకొచ్చాడు. "ఆడి సొబావం మేడమ్. మంచోడే గానీ, మరీ ఇదైపోతాడు. నలుగురిలో నవ్వితే నవ్వేసి పోవాల గానీ, అలాగ నిలబడిపోతారేటి?"

"సొంత స్వభావం," అని రాసింది కుముదినిగారు. ఆ మాట చక్కగా ఇమిడింది. "భార్య ఒప్పుకోవాలి. అమ్మా, మీవారు వేళ్ళు దిగింది సొంత స్వభావం వల్ల. ఔనా?"

దాలమ్మ చెట్టువైపు చూడలేదు. పచ్చి మొద్దువైపు చూసింది. ఆ చెట్టు ఎవరో, ఎవరూ చెప్పక ఎలా పోయాడో ఆమెకి తెలియదు. కాదంటే ఏమవుతుందో మాత్రం తెలుసు. డిపో దగ్గర ఆ రోజు ఏం జరిగిందో పూర్తిగా తెలిసినవాళ్ళు అక్కడ ముగ్గురే ఉన్నారు. ఒకాయన చెప్పేశాడు. ఒకాయనకి నోరు లేదు.

"ఔను," అంది.

"కాస్త వినపడేలా, అమ్మా."

"ఔనండి. ఆయన సొబావమే అంత."

గాలి బాగానే వీస్తోంది. తోటలో ఆకులన్నీ గలగలమంటున్నాయి. తవిటయ్య ఆకు ఒక్కటీ కదల్లేదు.

అప్పుడే దాలమ్మకి అరికాళ్ళలో చల్లగా తగిలింది. చూసుకుంటే కాలివేళ్ళ సందుల్లోంచి తెల్లటి దారపుపోగుల్లాంటివి బయల్దేరి మట్టిలోకి దారి వెతుకుతున్నాయి. నొప్పి లేదు. హాయిగానే ఉంది. ఇంక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు అన్నట్టుగా ఉంది. మొగుడి పక్కన చోటు కూడా ఉంది. మోకాళ్ళు బిగుసుకోవడం మొదలైంది.

"ఓలే దాలమ్మా, మంచినీలు ఇటు తేయే!" అని డీలరు భార్య కేకేసింది.

దాలమ్మకి ఈశ్వరి గుర్తొచ్చింది. చుట్టాలింట్లో ఎన్నాళ్ళుంటుంది? ఒకటో తారీకున బియ్యానికి ఎవరెళ్తారు? వంగి, కుట్టు విప్పినట్టు ఆ పోగులు ఒక్కొక్కటీ తెంపుకుని, కాళ్ళు పీక్కుని, మడమలు గడ్డికి రాసుకుని, క్యాను ఎత్తుకుని వెళ్ళింది.

యాకోబు అదంతా చూశాడు. ఎన్నో చూసినవాడు. "ఆడవాళ్ళతో ఇదే వచ్చింది," అన్నాడు కుముదినిగారితో. "ఎరువు వెయ్యక్కర్లేదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు, ఎక్కడ పడితే అక్కడ వేళ్ళొస్తాయి. ఒక్కళ్ళూ దిగనివ్వరు. ఏదో పనుందంటారు." తోటలో ఆడవాళ్ళ చెట్లు తక్కువగా ఉన్నాయని, ఆ విభాగం పెంచాలని పైనుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయట. ఆడవాళ్ళకి సిగ్గు తక్కువని ఒక నివేదికలో రాశారు కూడా.

ఆ చుట్టుపక్కల మంచి నీడ తవిటయ్యదే కనక సింహాచలం దంపతులు అక్కడే దుప్పటి పరిచారు. దాలమ్మ విస్తళ్ళు వేసి పులిహోర వడ్డించింది. తిన్నాక సింహాచలం చెట్టుకి వీపు ఆనించి కాళ్ళు చాపుకున్నాడు. "ఈడి కింద సల్లగా ఉందే. ఊర్లో ఉండిపోయుంటే మన డిపోకి పనికొచ్చీవోడు," అని కళ్ళు మూసుకున్నాడు. దాలమ్మ ఆయనకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆయన చూడలేదు. చూసినవాళ్ళు ఆమె చెట్టుకి పెడుతోందనుకున్నారు.

పలక వారంలో పడింది. ఇప్పుడు ఆ చెట్టుని ఎవరూ కొట్టరు. ఫౌంటెను దాని చుట్టూ తిరిగి వెళ్ళింది. సాయంత్రం పాట వచ్చినప్పుడు దీపాల వెలుతురు పలక మీద పడుతుంది. జనం చదివి, స్వభావం మంచిది కాకపోతే ఎవరేం చేస్తారని ముందుకి నడుస్తారు.

బట్టీలో తవిటయ్య పని ఇప్పుడు దాలమ్మ చేస్తోంది. కార్డు మీద ఇంటిపెద్ద ఆమే. ఒకటో తారీకున డిపోకి వెళ్ళి మిషను మీద వేలు పెట్టింది. సరిపోలలేదంది. తుడిచి పెట్టింది. అప్పుడు కూడా కాదంది. మూడోసారి గట్టిగా నొక్కితే ఔనంది.

"సూసినావా, మిషనుకి నీ మీద కోపమేటీ నేదు," అన్నాడు సింహాచలం, బియ్యం పోస్తూ. "ఇంకా కొన్నాళ్ళు నీ ఏలు పడతాదిలే."

"మీ దయ బాబూ," అంది దాలమ్మ. సంచి ఎత్తుకుని పక్కకి జరిగింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు ఎవరూ నవ్వలేదు. చీరకొంగుకో లుంగీకో, ఎవరి వేలు వాళ్ళు తుడుచుకుంటున్నారు.

రాసింది బోనెల సూరమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది నగరంలో, తోట వెనక గోడ వీధిలో.